గేమ్ ఆడితే కంప్యూటర్ కాలిపోతోందా? ముందు గది వేడి తీసేసి లెక్క చూడండి

పావుగంట బాగానే ఆడుతుంది. ఆ తర్వాత క్యాబినెట్‌లో ఫ్యాన్లు హోరెత్తుతాయి, సెకనుకి 90 దగ్గరున్న ఫ్రేమ్‌లు 45కి జారతాయి, మౌస్ తిప్పితే తెర ఒక క్షణం ఆలస్యంగా తిరుగుతుంది. కొందరికైతే ఏ హెచ్చరికా లేకుండా మిషన్ టప్‌మని ఆగిపోతుంది. వెంటనే చేసే పని ఏమిటంటే చెన్నైలో కంప్యూటర్ సామాను అమ్మే రిచీ స్ట్రీట్‌కి వెళ్లి రంగుల లైట్ల ఫ్యాన్లు నాలుగు కొనుక్కురావడం. చాలాసార్లు ఆ డబ్బు దండగే. వేడి ఎక్కడ పుడుతోంది, ఎక్కడ ఆగిపోతోంది అన్నది తెలిశాకే పర్సు తీయాలి.

చెన్నైలో ఇంకో చిక్కు ఉంది. మే 4 అటూ ఇటూగా ఇక్కడివాళ్లు కత్తిరి వెయిల్ అనే రోజులు మొదలవుతాయి. మనకు రోళ్లు పగిలే రోహిణి కార్తె ఆ నెలాఖరుకే వస్తుంది. ఆ రోజుల్లో మధ్యాహ్నం ఏసీ లేని గదిలో 36 డిగ్రీలుంటే, హీట్‌సింక్‌కి, అంటే ప్రాసెసర్ వేడిని లాగే లోహపు రేకుల దిమ్మకి, అందే గాలి కూడా 36 డిగ్రీలే. ఎంత ఖరీదైన ఫ్యానైనా గాలిని చల్లబరచదు, జరుపుతుంది అంతే. గది ఒక డిగ్రీ పెరిగితే ప్రాసెసరూ దాదాపు ఒక డిగ్రీ పెరుగుతుంది. అందుకే "నాది 88 వస్తోంది, ఎక్కువా?" అన్న ప్రశ్నకు జవాబు లేదు. గదిలో ఎంత ఉందో కూడా చెబితేనే ఏదైనా తేల్చగలం.

కొలత ఇలా తీసుకోండి. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ వేసుకుని, తెరిచేటప్పుడు సెన్సర్లు మాత్రమే చూపించమని టిక్ పెట్టండి. టేబుల్ మీద, క్యాబినెట్ వెనక గాలి తగలని చోట, ఒక మామూలు గది థర్మామీటర్ ఉంచండి. ఎప్పుడూ ఆడే గేమ్‌లో ఒకే మ్యాపు, ఒకే సెట్టింగులతో అరగంట ఆడండి. తర్వాత గరిష్ఠం అన్న నిలువు వరుసలో నాలుగు సంగతులు రాసుకోండి: ప్రాసెసర్ వేడి, గ్రాఫిక్స్ కార్డు వేడి, కార్డు హాట్‌స్పాట్ (కార్డు చిప్పులో అన్నిటికన్నా వేడిగా ఉన్న చోటు, కనిపిస్తే), థర్మల్ థ్రాట్లింగ్ (వేడికి వేగం తగ్గించుకోవడం) ఎదురుగా అవును అని ఉందా కాదు అని ఉందా. ప్రాసెసర్, కార్డు అంకెల్లోంచి గది వేడి తీసేయండి. గది 34, ప్రాసెసర్ 88 అయితే తేడా 54. జనవరిలో గది 26 ఉన్నప్పుడు ఇదే మిషన్ 80 చూపించి ఉంటే అప్పుడూ తేడా 54 అన్నమాట. మిషన్ ఏమీ పాడవలేదు, ఎండలు ముదిరాయంతే. అదే తేడా 54 నుంచి 65కి పెరిగితే మాత్రం దుమ్మో, ప్రాసెసర్‌కీ హీట్‌సింక్‌కీ మధ్య పూసే పేస్టు ఎండిపోవడమో, ఆగిన ఫ్యానో కారణం.

హద్దులు కూడా తెలిసి ఉండాలి. చాలా ఇంటెల్ ప్రాసెసర్లు 100 డిగ్రీల దగ్గర తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి. ఏఎమ్‌డీ కంపెనీ రైజెన్ 7000 వరుసలో చాలావాటికి హద్దు 95. ఆ వరుసలో పెద్ద చిప్పులు పూర్తి లోడ్‌లో ఆ 95ని తాకడం కంపెనీ అనుకున్నదే, కంగారు పడక్కర్లేదు. ఎన్విడియా కార్డులు చాలావరకు 83 దగ్గర్నుంచే క్లాక్, అంటే పని వేగం, తగ్గించుకోవడం మొదలుపెడతాయి. కార్డు 75లో, ప్రాసెసర్ 80లో ఉండి కూడా గేమ్ కుదుపుతుంటే తప్పు వేడిది కాదు, వేరేచోట వెతకండి.

అంకె పెరిగే తీరు చూస్తే సగం రోగం అక్కడే తెలిసిపోతుంది. గేమ్ లోడ్ అయిన అయిదారు సెకన్లలోనే 50 నుంచి 95కి ఎగబాకితే ప్రాసెసర్‌కీ హీట్‌సింక్‌కీ మధ్య అతుకు సరిగా లేదు: పేస్టు ఎండిపోయింది, కూలర్ (హీట్‌సింక్, దాని ఫ్యాన్ కలిపి) పిన్ను ఊడింది, లేదా కొత్తగా బిగించిన కూలర్ అడుగున ప్లాస్టిక్ పొర తీయడం మర్చిపోయారు. నవ్వకండి, ఆ చివరిది రిపేరు షాపులకు తరచూ వచ్చే కేసే. అలా కాకుండా పదిహేను ఇరవై నిమిషాలపాటు మెల్లగా పెరుగుతూ పోతే అతుకు బాగానే ఉంది, గాలి బయటికి పోవడం లేదు.

రెండోది నిర్ధారించుకోవడానికి పైసా ఖర్చు లేని పరీక్ష ఉంది. క్యాబినెట్ పక్క తలుపు విప్పేసి అదే మ్యాపు మళ్లీ అరగంట ఆడండి. పది డిగ్రీలు తగ్గిందంటే క్యాబినెట్‌కి ఊపిరాడటం లేదు. రెండు మూడు డిగ్రీలే తగ్గిందంటే గాలి దారి బాగానే ఉంది, కూలర్ వైపు చూడండి. తలుపు తీసి ఎదురుగా టేబుల్ ఫ్యాన్ పెట్టి అలాగే వదిలేసేవాళ్లున్నారు. పరీక్షకైతే సరే. నెల తిరిగేసరికి మదర్‌బోర్డు మీద దుమ్ము దుప్పటి కప్పుకుంటుంది.

దుమ్ము తీయడం

సముద్రం దగ్గరి దుమ్ము పొడిగా రాలదు. గాలిలో తేమా ఉప్పూ కలిసి జిడ్డుగా అంటుకుంటుంది. తిరువాన్మియూర్, బెసంట్ నగర్ వైపు కిటికీలు తెరిచి ఉంచే ఇళ్లలో మరీను. పైనుంచి చూస్తే హీట్‌సింక్ శుభ్రంగానే కనిపిస్తుంది, మోసపోకండి. ఫ్యాన్ నాలుగు స్క్రూలు విప్పి పైకెత్తితే రేకుల నోళ్ల మీద బూడిద రంగులో ఒక చాప పరిచినట్టుంటుంది. గోటితో అంచు పట్టి లాగితే నూలుగుడ్డలా ఒకే ముక్కగా ఊడొస్తుంది. ఫ్యాన్ ఎంత తిరిగినా ఆ చాపని దాటి గాలి లోపలికి పోదు. ఊరికే పైనుంచి బ్లోయర్ కొడితే ఆ చాప ఇంకా లోపలికి దిగబడుతుంది.

కాబట్టి క్రమం ఇది. మిషన్ ఆపి, ప్లగ్ పీకి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకోండి. క్యాబినెట్‌ని బాల్కనీకి తీసుకెళ్లండి. ముక్కుకి చేతిరుమాలు కట్టుకోండి. ఫ్యాన్ విప్పి చాప తీసేశాక, మెత్తటి అంగుళం పెయింటు బ్రష్‌తో రేకులు దులపండి. తర్వాత బ్లోయర్. బ్లోయర్ కొట్టేటప్పుడు ప్రతి ఫ్యాన్ రెక్కనీ వేలితో పట్టుకోండి, గాలికి అది అడ్డదిడ్డమైన వేగంతో తిరిగితే బేరింగ్ పోతుంది. గ్రాఫిక్స్ కార్డుకి దాని ఫ్యాన్ల సందుల్లోంచి కొట్టండి. ఎస్‌ఎమ్‌పీఎస్‌కి, అంటే మిషన్‌కి కరెంటు అందించే పవర్ సప్లై డబ్బాకి, బయటి జాలీ నుంచే కొట్టండి. దాన్ని విప్పొద్దు, ప్లగ్ పీకినా లోపలి కెపాసిటర్లలో షాకు కొట్టేంత ఛార్జి ఉంటుంది. ఇంట్లో ఊడ్చే వాక్యూమ్ క్లీనర్ గొట్టం బోర్డుకి ఆనించొద్దు, స్టాటిక్ పుడుతుంది. జాలీ ఫిల్టర్లు కుళాయి కింద కడగొచ్చు. అయితే ఈ ఊరి తేమలో గంటలో ఆరవు, రాత్రంతా ఫ్యాన్ కింద ఉంచి తెల్లారాక బిగించండి.

గాలి దారి

ముందు నుంచి లోపలికి, వెనక నుంచీ పై నుంచీ బయటికి: మామూలు క్యాబినెట్‌కి ఇదే పద్ధతి. ఫ్యాన్‌కి మోటారుని పట్టుకున్న ప్లాస్టిక్ కడ్డీలు ఏ వైపు ఉంటే గాలి ఆ వైపుకి పోతుంది. విప్పకుండానే తెలుసుకోవాలంటే అగరుబత్తి వెలిగించి ఫ్యాన్‌కి జానెడు దూరంలో పట్టుకోండి. పొగ లోపలికి లాగుతోందా, బయటికి నెడుతోందా కళ్ల ముందే కనిపిస్తుంది. వెనక ఫ్యాన్ లోపలికి లాగుతున్న మిషన్లు ఎన్నో, బిగించినవాడు తొందరలో తిప్పి పెట్టేశాడంతే.

ముందు భాగం మొత్తం అద్దంతో మూసి, లోపల మూడు లైట్ల ఫ్యాన్లున్న చౌక క్యాబినెట్లు చూడ్డానికి పెళ్లి పందిరిలా ఉంటాయి. అద్దం పక్కనున్న వేలెడు సందులోంచి ఆ మూడు ఫ్యాన్లూ గాలి పీల్చుకోవాలి, పాపం. అద్దం తీసి ఒకసారి కొలిచి చూడండి, తేడా పెద్దగా ఉంటే క్యాబినెట్ మార్చడమే నయం. కొత్తది తీసుకుంటే ముందు భాగం జాలీ ఉన్నదే తీసుకోండి.

క్యాబినెట్‌ని కంప్యూటర్ టేబుల్ గూట్లోకి తోస్తే వెనక నుంచి వచ్చిన వేడి గాలి గూడు చుట్టూ తిరిగి ముందు నుంచి మళ్లీ లోపలికే పోతుంది. గోడకి కనీసం నాలుగంగుళాలు వదలండి. గది సంగతి కూడా మర్చిపోవద్దు. 400 వాట్లు లాగే మిషన్ అంటే తలుపులు మూసిన పడకగదిలో 400 వాట్ల హీటర్ వేసుక్కూర్చున్నట్టే. ఒక టన్ను ఏసీ దాదాపు 3,500 వాట్ల వేడిని తోడుతుంది, అందులో తొమ్మిదో వంతు మీ గేమ్‌కే పోతుంది. ఏసీ లేకపోతే తలుపు తెరిచి ఆడండి.

పేస్టు

మూడు నాలుగేళ్లయినా, పైన చెప్పినట్టు అంకె ఒక్కసారిగా ఎగబాకినా పేస్టు మార్చండి. రైజెన్ 5000 దాకా, అంటే పిన్నులు ప్రాసెసర్‌కే ఉండే రకమైతే, ముందు పది నిమిషాలు గేమ్ నడిపి వేడెక్కించి, ఆపి, కూలర్‌ని అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ వదులు చేయండి. చల్లగా ఉన్నప్పుడు నిలువునా లాగితే ఎండిన పేస్టు ప్రాసెసర్‌ని సాకెట్ నుంచి పెరికేస్తుంది, పిన్నులు వంగుతాయి.

పాత పేస్టుని 99 శాతం ఐసోప్రొపిల్ ఆల్కహాల్ తడిపిన కాగితంతో తుడవండి. మొబైల్ రిపేరు సామాను అమ్మే షాపుల్లో దొరుకుతుంది. హ్యాండ్ శానిటైజర్ వద్దు, చాలావాటిలో గ్లిజరిన్ కలుస్తుంది, అది పొరలా మిగిలిపోతుంది. కొత్త పేస్టు పెసర గింజ కంటే పెద్దదిగా, బఠాణీ కంటే చిన్నదిగా నడిమధ్యలో ఒక్క చుక్క. కూలర్ నొక్కుడుకి అదే పరుచుకుంటుంది. రొట్టెకి వెన్న రాసినట్టు దట్టంగా పూయడం వల్ల లాభం లేదు. పేరూ ఊరూ లేని సిరంజిలు కొనకండి, కొన్ని నెలల్లోనే సున్నంలా ఎండిపోతాయి.

ఇంటెల్ డబ్బాతో వచ్చే కూలర్‌కి నాలుగు ప్లాస్టిక్ పిన్నులుంటాయి. పిన్ను తలమీద బాణం గుర్తు ఉంటుంది. అటు తిప్పితే ఊడుతుంది, కాబట్టి బిగించే ముందు నాలుగూ బాణానికి ఎదురు దిశలో తిప్పి ఉంచాలి. ఒక మూల, దానికి ఎదురు మూల, ఇలా జతగా నొక్కండి, ప్రతిదీ టక్కుమనాలి. తర్వాత బోర్డు వెనక టార్చి వేసి చూస్తే తెల్ల కాళ్లు విచ్చుకుని మధ్యలో నల్ల ముల్లు దిగి కనిపించాలి. ఒక్క కాలు ముడుచుకుని ఉన్నా కూలర్ ఆ మూల లేచి ఉన్నట్టే. పేస్టు మార్చినా వేడి తగ్గలేదని తల పట్టుకునేవాళ్లలో చాలామందికి జరిగేది ఇదే.

గ్రాఫిక్స్ కార్డులో హాట్‌స్పాట్‌కీ మామూలు వేడికీ మధ్య 15 డిగ్రీల తేడా సహజం. 30 దాటితే లోపలి పేస్టు పక్కకి జరిగిపోయింది. అయితే మెమొరీ చిప్పుల మీది ప్యాడ్‌ల మందం మిల్లీమీటరులో సగం అటూ ఇటైనా హీట్‌సింక్ సరిగా ఆనదు. వారంటీ ఉంటే కంపెనీ సర్వీసుకే పంపండి, లేకుంటే చెయ్యి తిరిగినవాళ్లకివ్వండి.

పుట్టే వేడినే తగ్గించడం

ఇది అందరూ చివర చేస్తారు, నిజానికి మొదట చేయాల్సింది. మానిటర్ 60 హెర్ట్జ్‌దైతే, అంటే సెకనుకి 60 సార్లే బొమ్మ మార్చేదైతే, కార్డు సెకనుకి 180 ఫ్రేమ్‌లు గీసి ఏం లాభం? ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో గరిష్ఠ ఫ్రేమ్ రేటు 60కి కట్టేయండి. గేమ్ లాబీలో ఊరికే నిల్చున్నప్పుడు కూడా కార్డు మండిపోవడం దీంతో ఆగుతుంది. ఎమ్మెస్సై ఆఫ్టర్‌బర్నర్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో కార్డు పవర్ లిమిట్‌ని 80 శాతానికి దించండి. వేడి బాగా తగ్గుతుంది, ఫ్రేమ్‌లలో పోయేది కొద్దే.

ప్రాసెసర్ సంగతి బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందు తెరుచుకునే మదర్‌బోర్డు సెట్టింగుల్లో, ఉంటుంది. ఇంటెల్ ఐ5 13400కి టర్బోలో, అంటే మామూలు వేగాన్ని మించి పరిగెత్తేటప్పుడు, 148 వాట్లే హద్దు. కొన్ని మదర్‌బోర్డులు ఆ హద్దుని ఎత్తేసి పంపుతాయి, ఇంటెల్ చెప్పిన అంకెకి మార్చుకోండి. రైజెన్‌కి తక్కువ వాట్లతో నడిపే ఈకో మోడ్ ఉంది. చాలా ల్యాప్‌టాప్‌లలో బయోస్ ఇవన్నీ చూపించదు, అప్పుడు విండోస్ పవర్ ప్లాన్‌లో ప్రాసెసర్ గరిష్ఠ స్థితిని 100 నుంచి 99కి తగ్గించండి. ఒక్క శాతమే కదా అనుకోవద్దు, దాంతో టర్బో మొత్తం ఆగిపోతుంది. ప్రాసెసర్ ఎక్కువ వాడే గేమ్‌లలో ఫ్రేమ్‌లు కొంత తగ్గుతాయి, అది ఒప్పుకోవాల్సిందే. ల్యాప్‌టాప్‌ని పరుపు మీద పెట్టి ఆడొద్దు, వెనక వైపు రెండు అంగుళాలు ఎత్తు పెట్టండి. టచ్‌ప్యాడ్ ఉబ్బినట్టు కనిపిస్తే లోపల బ్యాటరీ ఉబ్బింది. ఆ క్షణమే ఆపి సర్వీసుకివ్వండి.

వేడి హద్దులోపే ఉన్నా మిషన్ టప్‌మని ఆగిపోతుంటే యూపీఎస్‌ని అనుమానించండి. ఇళ్లలో వాడే 600 వీఏ యూపీఎస్ ఇవ్వగలిగేది చాలావాటిలో 360 వాట్లే. గేమ్‌లో మిషన్ 400 లాగినప్పుడు కరెంటు ఒక్కసారి మిణుకుమంటే చాలు, చేతులెత్తేస్తుంది. కాసేపు నేరుగా గోడ ప్లగ్‌కి పెట్టి ఆడి చూడండి. అప్పుడూ ఆగితే ఎస్‌ఎమ్‌పీఎస్‌ని పరీక్ష చేయించాలి. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో కనిపించే కెర్నల్ పవర్ 41 మిషన్ సరిగా షట్‌డౌన్ కాలేదని చెబుతుంది, అంతే. వేడి వల్లా, కరెంటు వల్లా అన్నది దాన్నిబట్టి తేలదు.

ఒక్కో మార్పు చేశాక అదే మ్యాపులో అరగంట ఆడి తేడా మళ్లీ లెక్కవేయండి. రెండు మార్పులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. తేదీ, గది వేడి, తేడా ఒక చీటీ మీద రాసి పక్క తలుపు లోపలివైపు అంటించండి. ఫిల్టర్లు నెలకోసారి, రేకులు నాలుగు నెలలకోసారి, కత్తిరి వెయిల్ మొదలయ్యే ముందు వారం తప్పనిసరిగా.