ఉబుంటులో తెలుగు రాయడం ఎలా? ఇబ్బంది వస్తే ఎక్కడ వెతకాలి?

కొత్తగా ఉబుంటు వేసుకున్న తెలుగువాళ్లు మొదట అడిగేది "ఇందులో తెలుగు వస్తుందా?" అని. వస్తుంది, చక్కగా వస్తుంది. పైసా ఖర్చు లేదు. తెలుగు సరిగా రానప్పుడు మాత్రం చాలామంది కంగారుపడి దొరికిందల్లా ఇన్‌స్టాల్ చేసేస్తారు. దానికంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: తెలుగు కనిపించడం లేదా, టైప్ కావడం లేదా? కనిపించకపోతే చూడాల్సింది ఫాంట్లు. టైప్ కాకపోతే కీబోర్డు సెట్టింగులు. ఒకదాని కోసం రెండోదాన్ని కెలికితే టెన్షన్ తప్ప ఫలితం ఉండదు.

ఇక్కడ చెప్పేవి ఉబుంటు 22.04, 24.04 వెర్షన్లకు సరిపోతాయి. కమాండ్ల పేర్లు తెలుగు లిపిలో ఇస్తున్నాను, మీరు ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టాలి.

మొదటి మెట్టు: ఫాంట్లు

ఫైర్‌ఫాక్స్‌లో తెలుగు వికీపీడియా తెరవండి. అక్షరాల చోట ఖాళీ డబ్బాలు కనిపిస్తే తెలుగు ఫాంట్ లేనట్టే. కంట్రోల్, ఆల్ట్, టి కలిపి నొక్కితే టెర్మినల్ వస్తుంది. అందులో 'సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఫాంట్స్-టెలు' అని కొట్టండి. 'సుడో' అంటే ఎస్ యు డి ఓ, 'ఆప్ట్' అంటే ఎ పి టి. చివరి మాట 'ఫాంట్స్', హైఫన్, ఆ తర్వాత టి ఇ ఎల్ యు. పాస్‌వర్డ్ కొడుతున్నప్పుడు తెర మీద ఏమీ కదలదు, అది మామూలే. ఈ ప్యాకేజీతో లోహిత్, పోతన, వేమన ఫాంట్లు వచ్చేస్తాయి. మండలి, రామభద్ర, సురన్న లాంటివి కావాలంటే గూగుల్ ఫాంట్స్ నుంచి దించుకుని, ఫైల్ మీద డబుల్ క్లిక్ చేసి, 'ఇన్‌స్టాల్' నొక్కితే చాలు. తెరిచి ఉన్న ప్రోగ్రాములను ఒకసారి మూసి తెరవండి.

డబ్బాలు కాకుండా పిచ్చి గుర్తులు, నెత్తిన గీతలు, చుక్కలు ఉన్న ఇంగ్లిష్ అక్షరాలు కనిపిస్తున్నాయా? అది మీ సిస్టమ్ లోపం కాదు. డీటీపీ సెంటర్లో అను ఫాంట్లతో కొట్టిన పాత ఫైలు అయి ఉంటుంది. అవి యూనికోడ్ (అన్ని కంప్యూటర్లకూ ఒకేలా అర్థమయ్యే అక్షరాల పద్ధతి) కాదు కాబట్టి ఎన్ని తెలుగు ఫాంట్లు వేసినా మారదు. ఆ పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్ వాడాల్సిందే. పెళ్లి పత్రికలు, పాత పుస్తకాల ఫైళ్లు తెరిచేవాళ్లు ముఖ్యంగా గుర్తుంచుకోవాలి.

రెండో మెట్టు: కీబోర్డు

సెట్టింగ్స్‌లో 'కీబోర్డ్' తెరిస్తే 'ఇన్‌పుట్ సోర్సెస్' కనిపిస్తుంది. ప్లస్ గుర్తు నొక్కి, జాబితా చివర ఉన్న మూడు చుక్కలు నొక్కి, తెలుగు కోసం వెతకండి. 'అదర్' అని మాత్రమే వస్తే దాని లోపల ఉంటుంది. ఇక సూపర్ కీ, స్పేస్ కలిపి నొక్కితే ఇంగ్లిష్, తెలుగు మారుతుంటాయి. సూపర్ అంటే విండోస్ గుర్తున్న కీ.

మామూలుగా 'తెలుగు' అని కనిపించేది ఇన్‌స్క్రిప్ట్ అమరిక. అచ్చులు, గుణింతాలు ఎడమచేతికి, హల్లులు ఎక్కువగా కుడిచేతికి వస్తాయి. 'తెలుగు' అని రాయాలంటే ఎల్, జెడ్, ఎన్, జి, ఐ, జి కీలు నొక్కాలి. పొల్లు కోసం డి. మొదట చేయి తిరగదు. కానీ రోజూ చాలా రాసేవాళ్లు కాస్త ఓపిక పట్టి దీన్నే నేర్చుకోవాలని నా గట్టి అభిప్రాయం. హిందీ, కన్నడ, తమిళాలకూ ఇదే అమరిక కాబట్టి నేర్చుకున్నది ఎక్కడికీ పోదు.

లేఖిని వెబ్‌సైటులో రాసినట్టు ఇంగ్లిష్ అక్షరాలతోనే రాయాలనుకుంటే, ఫాంట్లకు వాడిన కమాండుతోనే 'ఐబస్-ఎం17ఎన్' ప్యాకేజీ వేసుకోండి. కొట్టేటప్పుడు ఐ బి యు ఎస్, హైఫన్, ఎం, 17, ఎన్. తర్వాత లాగౌట్ చేసి మళ్లీ లాగిన్ అవ్వాలి. ఈ మెట్టు దాటేసి 'జాబితాలో రాలేదు' అనుకునేవాళ్లే ఎక్కువ. ఇప్పుడు తెలుగు కింద ఆర్‌టీఎస్ (ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు రాసే పద్ధతి) కూడా కనిపిస్తుంది. చిన్న టి కొడితే త, పెద్ద టి కొడితే ట. డి, ఎన్, ఎల్‌లకూ ఇదే పద్ధతి.

జాబితాలో ఇంగ్లిష్ ఎప్పుడూ పైనే ఉండాలి. తెర లాక్ అయినప్పుడు కీబోర్డు తెలుగులో ఉండిపోతే పాస్‌వర్డ్ ఎంత సరిగా కొట్టినా తప్పంటుంది. పై మూలన ఉన్న భాష గుర్తు చూసి మార్చుకోండి.

'సాఫ్ట్‌వేర్' లాంటి మాటల్లో వే కింద వత్తుగా దిగిపోకుండా విడిగా నిలవాలంటే ట్, వే మధ్య కంటికి కనిపించని ఒక అక్షరం పడాలి. కీబోర్డును ఇంగ్లిష్‌లోకి మార్చి, కంట్రోల్, షిఫ్ట్, యు కలిపి నొక్కి, 200సి అని కొట్టి, ఎంటర్ నొక్కండి. చివరిది ఇంగ్లిష్ 'సి' అక్షరం. మళ్లీ తెలుగులోకి వచ్చి మిగతా మాట రాయండి. మొదట్లో విసుగు అనిపించినా, మాట సరిగా పడినప్పుడు ఆ సంతోషమే వేరు.

ఒక్క ప్రోగ్రాములోనే రాకపోతే

టెక్స్ట్ ఎడిటర్‌లో రాసి చూడండి. అక్కడ వచ్చి వేరే చోట రాకపోతే మీ సెట్టింగులు బాగానే ఉన్నట్టు, చిక్కు ఆ ప్రోగ్రాముతోనే. టెర్మినల్‌లో 'ఐఎం-కాన్ఫిగ్' (ఐ ఎం, హైఫన్, సి ఓ ఎన్ ఎఫ్ ఐ జి) అని కొట్టి తెరిచి, భాషల టైపింగు చూసుకునే ఐబస్ ఎంచుకుని, లాగౌట్ చేసి చూడండి. చాలావాటికి అదే సరిపోతుంది.

లిబ్రెఆఫీస్‌లో ఫాంట్ మార్చినా తెలుగు మారకపోతే టూల్స్, ఆప్షన్స్‌లోని భాషల పేజీకి వెళ్లి 'కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్' దగ్గర టిక్ పెట్టి తెలుగు ఎంచుకోండి. అక్కడ ఇంగ్లిష్‌కు ఒక ఫాంట్, తెలుగుకు వేరే ఫాంట్ ఉంటాయి. అక్షరదోషాలు పట్టుకోవడానికి 'హన్‌స్పెల్-టిఇ' అనే ప్యాకేజీ ఉంది.

టెర్మినల్‌లో మాత్రం తెలుగు ఫైలు పేర్లలో గుణింతాలు, వత్తులు చెదిరి కనిపిస్తాయి. ఒక్కో అక్షరానికి ఒకే కొలత గడి ఇచ్చే పద్ధతి వల్ల అలా జరుగుతుంది. ఫైలు పేరు లోపల సరిగానే ఉంటుంది. ఫైల్స్ కిటికీలో తెరిస్తే చక్కగా కనిపిస్తుంది, దానికోసం ఏమీ మార్చక్కర్లేదు.