బి.డి. ఎంట్రన్స్‌కి బైబిల్ ఎలా చదవాలి: తప్పు ఆప్షన్లు మీరే రాసుకోండి

మా సంఘంలో ఏటా ఒకరో ఇద్దరో బి.డి.లో, అంటే పాస్టరు చదువైన బ్యాచిలర్ ఆఫ్ డివినిటీలో, చేరతామంటారు. లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గరున్న ఆంధ్ర క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీయే కావచ్చు, వేదాంత డిగ్రీలిచ్చే సెరంపూర్ సెనేట్ కింద నడిచే ఇంకో కాలేజీ కావచ్చు, ఎంట్రన్స్ అనగానే అందరికీ బైబిల్ పేపర్ గురించే టెన్షన్. అప్పుడు మా పాస్టరు అయ్యగారు వాళ్లని చిలకలగూడలో మా ఇంటికి పంపిస్తారు. రైల్వే ఆఫీసులో రిటైరయ్యాక నాకున్న పని సండే స్కూలు, ఆ తర్వాత ఈ పిల్లల చేత టెస్టులు రాయించడం.

వచ్చినవాళ్లలో చాలామంది మొదటి మాట ఒకటే. "ఆంటీ, బైబిల్ నాకు బాగానే వచ్చు, ఇంగ్లిష్ ఒక్కటే కష్టం." పాస్టర్ల పిల్లలైతే ఇంకాస్త ధీమాగా అంటారు. నేనేమీ అనను. ఒక చీటీ ఇస్తాను. యేసును చూడ్డానికి వచ్చిన జ్ఞానులు ఎంతమంది? పౌలు దమస్కు దారిలో దేని మీద నుంచి పడ్డాడు? సమ్సోను జుట్టు ఎవరు తీశారు? బాప్తిస్మమిచ్చు యోహాను తల అడిగిన హేరోదియ కూతురి పేరేంటి?

ముగ్గురు, గుర్రం, దెలీలా, సలోమి అని చకచకా రాసేస్తారు. ఇప్పుడు బైబిల్ తెరవమంటాను. మత్తయి 2లో జ్ఞానులు ఎందరో లేదు, ఉన్నది మూడు కానుకలు. అపొస్తలుల కార్యములు 9లో గుర్రం ఊసే లేదు. న్యాయాధిపతులు 16:19లో దెలీలా ఒక మనిషిని పిలిపించి ఆ ఏడు జడలు తీయించింది. హేరోదియ కూతురి పేరు సువార్తల్లో ఎక్కడా కనబడదు. వీళ్లు చదివింది క్రిస్మస్ డ్రామా, విన్నది ప్రసంగం. పేపర్ తయారుచేసేవాళ్లు పేజీలో ఉన్నదే అడుగుతారు.

కాబట్టి ముందుగా, ఇంట్లో అమ్మ చదివిన బైబిల్ పక్కన పెట్టేయండి. అందులో ఎర్ర గీతలు గీసినవన్నీ వాగ్దానాలే, కంటికి అవే కనబడతాయి. ప్రశ్నలేమో గీత పడని వచనాల్లోంచి వస్తాయి. సికింద్రాబాద్ బైబిల్ హౌస్‌లో పాత అనువాదం కొత్త ప్రతి ఒకటి కొనుక్కోండి. దాంతోపాటు ఒక లాంగ్ నోట్‌బుక్, పెన్సిల్. గైడ్లు ఇప్పుడే వద్దు.

ఏ వరసలో చదవాలన్నదానికి నేను నైజీరియా వాళ్ల దగ్గర ఒక పద్ధతి తీసుకున్నాను. అక్కడ యూనివర్సిటీలో సీటు కావాలంటే మన ఈఏపీసెట్ (పాత ఎంసెట్) లాంటి ఒక పరీక్ష ఉంటుంది, దాన్ని 1978లో పెట్టిన జాంబ్ అనే బోర్డు నడుపుతుంది. విద్యార్థులు ఎంచుకునే సబ్జెక్టుల్లో క్రైస్తవ మత అధ్యయనం కూడా ఒకటి. సిలబస్‌ని నాలుగు ముక్కలు చేశారు: సృష్టి నుంచి రాజ్యం చీలేదాకా, చీలినప్పటి నుంచి చెర ముగిసి తిరిగొచ్చేదాకా, నాలుగు సువార్తలూ అపొస్తలుల కార్యములూ, ఆ తర్వాత కొన్ని పత్రికలు, అంటే తొలి క్రైస్తవులకి రాసిన ఉత్తరాలు. మన పరీక్షకి 66 పుస్తకాలూ చదవాల్సిందే. కానీ మొదటిసారి ఈ వరసలో వెళ్తే కథ తెగదు. ఆదికాండము నుంచి మొదలుపెట్టి లేవీయకాండములో చతికిలబడే బాధ ఉండదు. లేవీయకాండము, సంఖ్యాకాండములో లెక్కలు, దినవృత్తాంతములలో వంశావళులు రెండో చుట్టులో చూసుకోవచ్చు.

ఇక అసలు పని. ఒక అధ్యాయం చదవగానే దాని మీద ఐదు ప్రశ్నలు మీరే రాయాలి. ప్రశ్న ఎవరైనా రాస్తారు, కష్టమంతా తప్పు ఆప్షన్ల దగ్గరే. ఆ తప్పు జవాబులు కూడా అదే అధ్యాయంలోంచో పక్క అధ్యాయంలోంచో రావాలి. ఇది నా షరతు.

1 రాజులు 18 తీసుకోండి, ఏలీయా కర్మెలు కొండ మీద నిలబడిన అధ్యాయం. నిప్పు దిగింది, వాన కురిసింది అని అందరికీ తెలుసు. పెన్సిల్ పెట్టి అంకెలు వెతకండి. బయలు ప్రవక్తలు 450 మంది. అషేరా ప్రవక్తలు 400 మంది. అహాబు రాజు గృహనిర్వాహకుడు ఓబద్యా దాచిన యెహోవా ప్రవక్తలు 100 మంది, గుహల్లో యాభయ్యేసి మంది చొప్పున. బలిపీఠానికి రాళ్లు 12. నీళ్లు నాలుగు తొట్లు, పోసింది మూడుసార్లు. సముద్రం వైపు చూసి రమ్మని పనివాణ్ణి పంపింది ఏడుసార్లు. ఇప్పుడు ప్రశ్న రాయండి: ఓబద్యా ఎంతమంది ప్రవక్తల్ని దాచాడు? 50, 100, 400, 450. నాలుగు అంకెలూ అదే పేజీలోవి. బాగా చదివినవాడు కూడా ఒక్క నిమిషం తడబడతాడు. ఇంకొకటి: ఈ ఓబద్యా, ప్రవక్తల పుస్తకాల్లోని ఓబద్యా ఒకరేనా? బైబిల్ అలా చెప్పదు. అహాబు ఇంటి పెద్దగా వచ్చిన ఈయన్ని ఈయనగానే గుర్తుపెట్టుకోండి.

ఒకే పేరున్న మనుషులకి నోట్‌బుక్ చివర్లో రెండు పేజీలు వదలండి. హేరోదుల దగ్గర మార్కులు బాగా పోతాయి. పిల్లల్ని చంపించినవాడు మహా హేరోదు, మత్తయి 2. యోహాను తల తీయించినవాడు, యేసును పిలాతు ఎవరి దగ్గరికి పంపాడో ఆ హేరోదు, అతని కొడుకు అంతిప. జెబెదయి కొడుకు యాకోబును కత్తితో చంపించి, పేతురును చెరసాలలో వేసినవాడు అపొస్తలుల కార్యములు 12లోని మొదటి అగ్రిప్ప. "ఇంత సులభముగా నన్ను క్రైస్తవుని చేయజూచుచున్నావే" అని పౌలుతో అన్న రాజు ఇతని కొడుకు, 26వ అధ్యాయం. అంతియొకయలు కూడా రెండు, సిరియాలో ఒకటి, పిసిదియలో ఒకటి. శిష్యులని మొదట క్రైస్తవులన్నది సిరియాలోని దాంట్లో, అపొస్తలుల కార్యములు 11:26.

రాజుల జాబితా మొత్తం బట్టీ పట్టి లాభం లేదు. రాజ్యం చీలాక ఉత్తరాన ఇశ్రాయేలులో 19 మంది, దక్షిణాన యూదాలో అతల్యా రాణితో కలిపి 20 మంది. అహజ్యా, యెహోరాము అనే పేర్లు రెండు రాజ్యాల్లోనూ ఉన్నాయి, అందులో సగం పేర్లు పరీక్ష రాసి బయటికి రాగానే మరచిపోతారు. ముఖ్యమైనవాళ్లు చాలు. అటు యరొబాము, ఒమ్రీ, అహాబు, యెహూ, హోషేయ. ఇటు రెహబాము, యెహోషాపాతు, ఉజ్జియా, హిజ్కియా, యోషీయా, సిద్కియా. ఒక్కొక్కరి పక్కన ఆ కాలంలో మాట్లాడిన ప్రవక్త పేరు రాయండి. అహాబుకి ఏలీయా, హిజ్కియాకి యెషయా, సిద్కియాకి యిర్మీయా. యోషీయా దగ్గర జాగ్రత్త. ధర్మశాస్త్ర గ్రంథం దొరికినప్పుడు ఎవరి దగ్గరికి వెళ్లి విచారించారంటే పిల్లలు యిర్మీయా అని రాస్తారు. వాళ్లు వెళ్లింది ప్రవక్త్రి హుల్దా దగ్గరికి, 2 రాజులు 22. ఈ ప్రశ్న నేను ప్రతి బ్యాచ్‌కీ ఇస్తాను. ఇప్పుడు ఇక్కడ చెప్పేశాను కాబట్టి ఇంకోటి వెతుక్కోవాలి.

సువార్తలకి నాలుగు గళ్ల పట్టిక గీయండి, ఏది ఎందులో ఉందో టిక్కు పెట్టుకుంటూ పోండి. ఐదువేలమందికి ఆహారం నాలుగింటిలోనూ ఉంది. నాలుగువేలమందికి పెట్టింది మత్తయి, మార్కుల్లోనే. తప్పిపోయిన కుమారుడు, మంచి సమరయుడు లూకాలో మాత్రమే. పదిమంది కన్యకలు మత్తయిలో. కానా పెళ్లి, నీకొదేము, సమరయ స్త్రీ, చనిపోయిన లాజరును లేపడం యోహానులో. కొండమీద ప్రసంగం మత్తయి 5 నుంచి 7 దాకా. లూకా 6లో అలాంటి మాటలే వస్తాయి గానీ అక్కడ యేసు నిలబడింది మైదానంలో. ఈ పట్టికకి ఓపిక కావాలి. మా పిల్లల్లో ఒకడు లింగంపల్లి నుంచి ఎంఎంటీఎస్‌లో వస్తూ పోతూ నింపుకున్నాడు. సీటు దొరికితే నోట్‌బుక్‌లో, దొరకని రోజు ఫోన్‌లో.

"ఎవరు ఎవరితో అన్నారు" అనే రకానికి చీటీలు చేసుకోండి. ముందు వైపు మాట. వెనక అన్నవాళ్లు, విన్నవాళ్లు, సందర్భం. "ఆ మనుష్యుడవు నీవే" అన్నది నాతాను, దావీదుతో. "నేను నశించిన నశించెదను" అని ఎస్తేరు కబురు పంపింది మొర్దెకైకి, రాజుకి కాదు. "నజరేతులోనుండి మంచిదేదైన రాగలదా" అన్నది నతనయేలు, ఫిలిప్పుతో. చాలామంది యేసుతో అన్నాడని రాస్తారు. విన్నవాళ్ల పేరు రాయని చీటీ నేను వెనక్కిచ్చేస్తాను.

పత్రికలకి ఇంత హడావిడి అక్కర్లేదు. ఏ పత్రిక దేనికి పేరుపడిందో తెలిస్తే మొదటి చుట్టుకి చాలు: ప్రేమ 1 కొరింథీయులకు 13, ఆత్మ ఫలము గలతీయులకు 5, సర్వాంగ కవచము ఎఫెసీయులకు 6, విశ్వాస వీరులు హెబ్రీయులకు 11, నాలుక గురించి యాకోబు 3. హెబ్రీయులకు రాసినవారి పేరు ఆ పత్రికలో లేదని కూడా గుర్తుంచుకోండి.

ఒంటరిగా చదివేవాళ్లకి ఇదంతా విసుగే. ఇద్దరు కలవండి. ఒకరు రాసిన ఇరవై ప్రశ్నలు శనివారం ఇంకొకరు రాయాలి, బైబిల్ మూసి, టైం పెట్టుకుని. జవాబు మీద గొడవొస్తే పాస్టరుగారికి ఫోన్ చేయొద్దు, గూగుల్ అడగొద్దు, వచనం తెరిచి గట్టిగా చదవండి. తప్పిన ప్రశ్నలు మాత్రం విడిగా రాసిపెట్టి, హాల్‌టికెట్ వచ్చాక ఆ పేజీలే తిరగేయండి. ఆ వారంలో కొత్త అధ్యాయం ముట్టుకోవద్దు.