ల్యాప్‌టాప్ కాలుతోందా? ముందు గాలికి చెయ్యి అడ్డం పెట్టి చూడండి

ఫ్యాన్ హోరెత్తగానే అందరూ ఫ్యాన్‌నే తిడతారు. చాలాసార్లు తప్పు దానిది కాదు. వేడిగాలి బయటికొచ్చే సందు దగ్గర అరచెయ్యి పెడితే సగం సంగతి తెలిసిపోతుంది.

సమస్య: పనేమీ లేకపోయినా హోరు; గాలి జోరుగా, వేడిగా వస్తోంది.
కూలింగ్ బాగానే ఉంది, ప్రాసెసర్‌కే తీరిక లేదు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి, టాస్క్ మేనేజర్‌లో సీపీయూ కాలమ్ మీద క్లిక్ చేయండి. ఎక్కువ మింగేది పైకొస్తుంది. బ్రౌజర్ ట్యాబ్ అయితే మూసేయండి. విండోస్ అప్‌డేట్ అయితే దాని పని కానివ్వండి.

సమస్య: హోరు ఎక్కువ, గాలి తక్కువ.
హీట్‌సింక్ (చిప్ వేడిని లాగి గాలికి వదిలే లోహపు భాగం) రేకులకు దుమ్ము పట్టేసింది. పరుపు మీద పెట్టి వాడేవాళ్లకు ఇది మామూలే. ఫ్యాన్‌కీ రేకులకీ మధ్య నూగు బూడిదరంగు దూది పట్టీలా పేరుకుంటుంది. బయటి నుంచి ఊదితే ఆ పట్టీ ఊడి లోపలే పడుతుంది. షట్‌డౌన్ చేసి, చార్జర్ తీసి, అడుగు మూత విప్పండి. మూత తీయగానే అన్నిటికంటే ముందు బ్యాటరీ కనెక్టర్ ఊడదీయాలి. ఫ్యాన్ రెక్క కదలకుండా టూత్‌పిక్ అడ్డం పెట్టి, మెత్తటి బ్రష్‌తో దుమ్ము తీయండి. గాలి కొట్టినప్పుడు ఫ్యాన్ గిర్రున తిరిగితే బేరింగ్ దెబ్బతింటుంది. ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనర్ వద్దు, స్టాటిక్ కరెంటుతో భాగాలు దెబ్బతింటాయన్న భయం.

సమస్య: గాలి గోరువెచ్చగానే ఉంది, కానీ బరువైన పని మొదలెట్టిన క్షణాల్లో హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో (లోపలి వేడిని చూపే ప్రోగ్రామ్) 95 డిగ్రీలు దాటుతోంది.
చిప్ వేడి హీట్‌సింక్‌కి చేరట్లేదు. రెండిటి మధ్య వేడిని దాటించే థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉండాలి, లేదా స్క్రూలు వదులై ఉండాలి. పైన చెప్పినట్టే మూత విప్పి, బ్యాటరీ కనెక్టర్ ఊడదీసి, హీట్‌సింక్ తీయండి. పాత పేస్ట్‌ని 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కొత్తది చిప్ మీద అద్దంలా మెరిసే భాగం మొత్తం కప్పేలా పల్చగా రాయండి. మూలలు ఖాళీ వదలొద్దు. చాలా హీట్‌సింక్‌ల మీద స్క్రూల పక్కన 1, 2, 3, 4 అని అంకెలుంటాయి. ఆ వరసలోనే, కొంచెం కొంచెంగా బిగించండి. పాత పేస్ట్ పాదరసంలా మెరుస్తుంటే అది లిక్విడ్ మెటల్. చెయ్యి పెట్టకండి, బోర్డు మీద ఒలికితే షార్ట్ అవుతుంది.

సమస్య: గరగర శబ్దం, లేదా ఫ్యాన్ అసలు తిరగదు.
చాలావరకు బేరింగ్ అరిగి ఉంటుంది. నూనె చుక్క నాలుగు రోజుల ముచ్చటే. స్టిక్కర్ మీది పార్ట్ నంబర్ చూసి కొత్తది వేయండి. రెండు ఫ్యాన్లుంటే మామూలుగా ఎడమది కుడివైపు పట్టదు.

సమస్య: ఎండాకాలంలో మాత్రమే.
గదిలో 40 డిగ్రీలుంటే లోపలికెళ్లే గాలీ అంతే. పవర్ ఆప్షన్స్‌లో ఈ సెట్టింగ్ కనిపిస్తే మ్యాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్ 99 శాతం పెట్టండి. చాలా మోడళ్లలో టర్బో (ప్రాసెసర్ మామూలు వేగం దాటి పరిగెత్తడం) ఆగిపోయి వేడి బాగా తగ్గుతుంది.

టచ్‌ప్యాడ్ పైకి లేచినా, అడుగు మూత ఉబ్బినా పైవేవీ చేయకండి. అది బ్యాటరీ ఉబ్బు. చార్జర్ పీకేసి, ఆఫ్ చేసి, మూత నొక్కకుండా సర్వీసుకివ్వండి.