కోరీ పిల్లలు వరసగా చనిపోతున్నాయా? ముందు టబ్బు అడుగు తడిమి చూడండి

లక్షణం దాదాపు ఎప్పుడూ ఒకటే. బ్రాంజ్ కోరీ (అక్వేరియం అడుగున తిరిగే చిన్న మీసాల చేప) గుడ్లు వేరే టబ్బులో పెడితే నాలుగైదు రోజుల్లో బాగానే పొదుగుతాయి. పిల్లలు మొదటి రెండు రోజులు పొట్టకింది సొనతో గడిపి, ఆ తర్వాత మేత అందుకుంటాయి. రెండో వారం వచ్చేసరికి రోజుకు రెండు మూడు చొప్పున పోతుంటాయి. నీళ్ల టెస్ట్ కిట్‌లో చూస్తే అమ్మోనియా (మురికి కుళ్లితే పుట్టే విషం) సున్నా. వెంటనే మందుల కోసం షాపుకు పరిగెత్తకండి, కాసేపు పిల్లల్నే గమనించండి.

బాగున్న పిల్ల మూతి కిందికి వంచి, మీసాలతో అడుగంతా వెతుకుతూ తిరుగుతుంది. నాలుగైదు ఒకచోట చేరి కదలకుండా పడుకోవడం మామూలే. కాస్త ఎదిగినవి అప్పుడప్పుడు పైకి దూసుకెళ్లి గాలి మింగి రావడమూ మామూలే, ఎందుకంటే కోరీలు పేగుతో కూడా ఆక్సిజన్ తీసుకోగలవు. మాటిమాటికీ పైకి వెళ్తున్నా, అడుగు వదిలేసి స్పాంజ్ ఫిల్టర్ మీదో టబ్బు గోడకో అంటుకుని ఉంటున్నా అడుగులో ఏదో తేడా ఉన్నట్టే. భూతద్దం పెట్టి చూస్తే మీసాలు అరిగి మొద్దుబారి ఉంటాయి.

ఇప్పుడు సబ్బు వాసన లేని వేలితో టబ్బు అడుగును రుద్దండి. జారుతోందా? కారణం అదే. ఇంత చిన్న పని మాత్రం ఎవరూ చేయరు.

పొడి మేత, మైక్రోవార్మ్‌లు (పిల్లలకు మేతగా వేసే సన్నటి పురుగులు) అడుక్కే చేరతాయి. తినగా మిగిలింది కుళ్లి, దాని మీద బ్యాక్టీరియా పల్చటి జిగురు పొరలా పరుచుకుంటుంది. పొర పారదర్శకంగా ఉంటుంది కాబట్టి టబ్బు శుభ్రంగానే కనిపిస్తుంది. దాన్ని ఆనుకున్న నీళ్లలో మాత్రం ఆక్సిజన్ పడిపోతుంది, అమ్మోనియా పెరుగుతుంది. గప్పీ పిల్లలు పైన ఈదుతాయి గనక తప్పించుకుంటాయి. కోరీ పిల్ల పొట్టా మీసాలూ రోజంతా ఆ పొర మీదే. మనమేమో టెస్టుకు నీళ్లు పైనుంచి ముంచుతాం, అందుకే సున్నా వస్తుంది. సిరంజితో అడుగు మూల నుంచి లాగి చూడండి, తేడా తెలుస్తుంది. బోరు నీళ్ల పీహెచ్ ఎక్కువగా ఉంటే ఇంకా జాగ్రత్త: పీహెచ్ 7 దగ్గరకంటే 8 దగ్గర అమ్మోనియాలో విషపు భాగం సుమారు పది రెట్లుంటుంది.

రోజూ సగం నీళ్లు మార్చేవాళ్ల టబ్బుల్లోనూ పిల్లలు పోయేది ఇందుకే. నీళ్లు మారతాయి, జిగురు అక్కడే ఉంటుంది.

ఉదయం మేత వేయకముందే ఎయిర్ పంపు ఆపండి. కొత్త స్పాంజ్ ముక్కతో, పిల్లల్ని పక్కకు తోలుకుంటూ, అడుగు మొత్తం, మూలలతో సహా తుడవండి. లేచిన మురికిని సన్నటి ఎయిర్ పైపుతో తెల్ల మగ్గులోకి లాగండి. సింకులోకి వదలొద్దు, పైపులో పిల్లలు వచ్చేస్తాయి. మగ్గులోనైతే కనబడతాయి, చెంచాతో తిరిగి వేయొచ్చు. 10 లీటర్ల టబ్బుకు 2–3 లీటర్లు తీసి, తల్లిచేపల ట్యాంకు నీళ్లే, అదే వేడిలో, సన్నధారగా పోయండి. పంపు వేశాక ఎయిర్ స్టోన్‌ను అడుగుకు ఆనించి, అక్కడి నీళ్లు కదిలేలా పెట్టండి.

మేత చిటికెడులో సగం, రోజుకు మూడుసార్లు. గంట తర్వాత మిగిలింది తీసేయాలి. రెండు మూడు రామ్స్‌హార్న్ నత్తలు వేస్తే మిగిలింది తింటాయి, పిల్లల జోలికి రావు. ఎండిన బాదం ఆకు వేయడం మంచిదే, కానీ మెత్తబడి చిరుగుతుంటే మార్చేయండి, లేకపోతే అదీ కుళ్లుతుంది. మీసాలు మొదలంటా పోకపోతే అడుగు శుభ్రంగా ఉన్నంతకాలం మళ్లీ పెరుగుతాయి.

కల్లుప్పు మాత్రం వేయకండి. గప్పీలకు పనిచేసిందని ఇక్కడా వేస్తారు; కోరీలు ఉప్పును సరిగా తట్టుకోలేవు.

మిగతా కారణాలు తక్కువ. పొట్ట ఉబ్బి చనిపోతుంటే ఆర్టీమియా (మేతగా పొదిగించే చిన్న ఉప్పునీటి రొయ్య) గుడ్ల పెంకులు మింగి ఉండొచ్చు, వడకట్టి వేయండి. నీళ్లు మార్చిన గంటలోనే పోతే కుళాయి నీళ్లలోని క్లోరిన్ కారణం కావచ్చు, యాంటీ క్లోరిన్ కలపండి. ఎండాకాలంలో నీళ్లు 30 డిగ్రీలు దాటితే మూత తీసి ఫ్యాన్ గాలి తగిలేలా పెట్టండి. వేరే టబ్బులో పొదిగిన పిల్లలకు మొదటి నెలలో పరాన్నజీవులు పట్టడం అరుదు, వాటి మందులు ఇప్పుడే వేయకండి.