ఆకుకూరలో ఆ చెంచా నూనె మానకండి
నిన్న పటమట రైతు బజారులో మునగాకు లేతగా కనిపిస్తే రెండు కట్టలు తెచ్చాను. పక్కింటి పిన్నిగారు బరువు తగ్గాలని నూనె చుక్క లేకుండా ఉడకబెట్టుకుంటున్నారట. దయచేసి అలా చేయకండి. ఆకుకూరల్లోని బీటా కెరోటిన్ నుంచే మన ఒళ్ళు విటమిన్ ఎ తయారు చేసుకుంటుంది. అది ఒంటికి పట్టాలంటే కాస్త కొవ్వు కావాలి. డి, ఇ, కె విటమిన్లూ అంతే. పప్పులో చెంచాడు నూనెతో తాలింపు, లేదా వేడన్నంలో కాస్త నెయ్యి చాలు.

డాక్టర్ రాసిన విటమిన్ డి మాత్ర కూడా పరగడుపున వద్దు, మధ్యాహ్నం భోజనం కాగానే వేసుకోండి. 60,000 యూనిట్లది వారానికి ఒకటి అంటే ఒకటే. మా అమ్మ పొరపాటున రోజూ వేసుకోబోతే ఆపాను. అది సి విటమిన్‌లా మూత్రంలో పోదు, ఒంట్లోనే పేరుకుంటుంది.