ప్రెస్‌నోట్ పంపే ముందు: మారిన పత్రికతో ప్రజాసంబంధాల పని

ఒకప్పుడు హైదరాబాద్‌లో ఏ సంస్థ మాటైనా జనానికి చేరాలంటే సోమాజిగూడ ప్రెస్‌క్లబ్‌లోనో బషీర్‌బాగ్‌లోనో విలేకరుల సమావేశం పెట్టి, మర్నాటి పత్రిక కోసం ఎదురుచూడవలసి వచ్చేది. ఇప్పుడు ఆ సమావేశం ముగియకముందే ప్రకటన వాట్సాప్‌లోనూ యూట్యూబ్‌లోనూ చేరిపోతుంది. అంటే కబురు చేరవేయడానికి పత్రిక అవసరం తగ్గింది. మన మాటను బయటివారొకరు పరిశీలించి, తమ పేరు మీద అచ్చువేయడమే నేడు పత్రిక వల్ల కలిగే అసలు ప్రయోజనం.

కాబట్టి ప్రతి విషయాన్నీ పత్రికలకు పంపే అలవాటును మొదట మానుకోవాలి. వార్షికోత్సవాలు, సన్మానాలు, కొత్త లోగోలు సొంత పేజీలో పెట్టుకుంటే చాలు. పరిశీలనకు నిలబడేది, సంస్థతో సంబంధం లేని పాఠకుడికి కూడా పనికొచ్చేది మాత్రమే డెస్క్‌కు, అంటే వార్తలను ఎంచి దిద్దే పత్రికా కార్యాలయ విభాగానికి వెళ్లాలి. ఉదాహరణకు పాతబస్తీలో ఒక ఆసుపత్రి కంటి శిబిరం నిర్వహించిందనుకుందాం. శిబిరం ఘనంగా జరిగిందన్న వాక్యం వల్ల ఎవరికీ ఒరిగేదేమీ లేదు, సబ్ ఎడిటర్ ముందుగా కొట్టేసేది కూడా దాన్నే. ఎంతమందిని పరీక్షించారు, వారిలో శస్త్రచికిత్స అవసరమైనవారెందరు, అది ఎక్కడ, ఏ తేదీ నుంచి చేస్తారు, ఖర్చు ఎవరు భరిస్తారు అన్నవి ప్రెస్‌నోట్ మొదటి పేరాలోనే ఉండాలి. ఆ అంకెలకు ఆధారమైన రిజిస్టరును విలేకరి అడిగితే, రోగుల పేర్లు, వివరాలు కనబడకుండా చూపడానికి సిద్ధంగా ఉండాలి. చైర్మన్ మాటలతో సరిపెట్టకుండా, శిబిరంలో పనిచేసిన వైద్యుడితో విలేకరి నేరుగా మాట్లాడే వీలు కల్పించడం మేలు.

భాష విషయంలో హైదరాబాద్‌కు ప్రత్యేక శ్రద్ధ కావాలి. తెలుగు, ఇంగ్లిష్ పత్రికలతో పాటు 1949లో మొదలైన సియాసత్ వంటి ఉర్దూ దినపత్రికలకూ ఇక్కడ గట్టి పాఠకవర్గం ఉంది కనుక, పాతబస్తీ శిబిరానికి ఉర్దూ నోట్ తప్పనిసరి. ఇంగ్లిష్‌లో రాసి తెలుగులోకి మార్చిన నోట్ డెస్క్‌లో ఇట్టే తెలిసిపోతుంది. తెలుగు నోట్‌ను తెలుగులోనే ఆలోచించి రాయించాలి. దాన్ని ఏ ఫోన్లోనైనా చదవగలిగే యూనికోడ్ అక్షరాల్లో పంపాలి, ఎందుకంటే డీటీపీ సెంటర్‌వారు ‘అను’ అనే తెలుగు ఫాంట్లలో కొట్టి ఇచ్చిన ఫైలు ఆ ఫాంట్లు లేని ఫోన్లో అర్థంకాని గుర్తులుగా కనిపిస్తుంది. ఫొటోలను నోట్‌లో అతికించకుండా విడిగా పంపి, ఎడమ నుంచి కుడికి ఎవరెవరో రాయాలి.

మొదటి పేజీ మీద ఆశ సహజమే గానీ, ఈనాడు 1989లో జిల్లా అనుబంధాలు ప్రారంభించాక తెలుగు పత్రికల్లో స్థానిక వార్తకు విడి చోటు స్థిరపడింది. శిబిరం గురించి తెలియవలసింది ఆ చుట్టుపక్కలవారికే గనుక స్థానిక పేజీయే దానికి సరైన చోటు. ఆరోగ్యమా, విద్యా, నగరపాలనా అన్నది చూసుకుని, ఆ బీటు, అంటే ఆ రంగం వార్తలు చూసే విలేకరికే మధ్యాహ్నం లోపు పంపాలి.

డబ్బిచ్చి వార్త వేయించుకునే దారి ఎప్పుడూ పట్టకూడదు. పెయిడ్ న్యూస్ అనే ఈ పద్ధతిపై, పత్రికల ప్రమాణాలను చూసే ప్రెస్ కౌన్సిల్ 2010లోనే నివేదిక ఇచ్చింది. డబ్బు చెల్లించి వేయించుకున్నది ప్రకటనే కాబట్టి, అది ప్రకటనేనని పాఠకుడికి తెలిసేలా అచ్చవ్వాలి. లేకపోతే, పరిశీలించి వేశారన్న విలువ కోసం పత్రిక దగ్గరకు వెళ్లి, ఆ విలువనే పోగొట్టుకున్నవారమవుతాము.

తప్పు అచ్చయితే లాయర్ నోటీసుతో మొదలుపెట్టవద్దు. అదే రోజు డెస్క్‌కు ఫోన్ చేసి, ఆధారాలతో ఎడిటర్‌కు లేఖ రాస్తే చాలావరకు సవరణ వస్తుంది. రాకపోతే 1978 చట్టం కింద ఏర్పాటైన ప్రెస్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. దినపత్రికలపై రెండు నెలల్లోగా చేయాలి. టీవీ చానళ్లు దాని పరిధిలోకి రావు.

వార్త వచ్చాక దాని క్లిప్పింగ్ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది, నేడు చాలామంది చదివేది అక్కడే. అయితే ప్రముఖ పత్రికల అక్షరాలను, పేజీ రూపాన్ని అనుకరించిన నకిలీ క్లిప్పింగులు కూడా అవే గ్రూపుల్లో తిరుగుతున్నాయి. అందువల్ల ఉత్త ఫొటో పంపకుండా ఈ-పేపర్ లింకు, తేదీ, ఎడిషన్, పేజీ సంఖ్య జతచేసి పంచాలి, సంస్థ వెబ్‌సైట్‌లోనూ అదే వివరంతో భద్రపరచాలి.