గినీ పిగ్ కుంటుతోందా, మేత మానేసిందా? ముందు మేత సంచి మీది తేదీ చదవండి

సమస్య

తలుపు చప్పుడు వినగానే కీచుకీచుమంటూ ఎదురు వచ్చే గినీ పిగ్ రెండు రోజులుగా మూలన ముడుచుకుని కూర్చుంటుంది. మేత పెడితే దగ్గరికి వస్తుంది, వాసన చూస్తుంది, ఒక ముక్కను నోటికి అందుకుని మళ్ళీ జారవిడుస్తుంది. నడిచినప్పుడు వెనుక కాళ్ళు బిగుసుకుపోయినట్టు అడుగులు పడతాయి. ఎత్తుకోబోతే నొప్పితో అరుస్తుంది. వెంట్రుకలు నిగ్గు తగ్గి గరుకుబారతాయి. ఈ లక్షణాలలో ఏ రెండు కనిపించినా పెంచేవారు దాదాపు ఒకే మాట అంటారు: ఎక్కడి నుంచో దూకి కాలు బెణికించుకుని ఉంటుందని. నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను. ఆ సంగతి కిందికి వచ్చాక చెబుతాను.

మొదట చూడవలసినవి

బోనులో పెంటికలు ఉన్నాయా, మామూలు పరిమాణంలో ఉన్నాయా అన్నది చూడాలి. తరువాత వంటింటి డిజిటల్ త్రాసు మీద ఒక గిన్నె పెట్టి జంతువును తూచాలి. పెరిగిన గినీ పిగ్ సాధారణంగా 700 నుంచి 1200 గ్రాముల మధ్య ఉంటుంది, కానీ మనకు కావలసింది ఆ సగటు కాదు, పోయిన వారం దాని బరువెంత అన్నది. వారం వారం తూచి రాసి పెట్టుకోమని ఎంత చెప్పినా పదిమందిలో తొమ్మిదిమంది ఆ పని చేయరు, తీరా జబ్బు చేసినప్పుడు ‘కొంచెం చిక్కినట్టుంది’ అంటారు. ఒత్తుగా ఉన్న వెంట్రుకల కింద జంతువు ఎంత చిక్కిందో కంటికి తెలియదు. వారంలో 50 గ్రాములకు మించి తగ్గితే నేను దానిని జబ్బుగానే లెక్క వేస్తాను.

జంతువు సుమారు 12 గంటలుగా ఏమీ తినకపోయినా, పెంటికలు ఆగిపోయినా ఈ వ్యాసం చదువుతూ కూర్చోవద్దు. వీటి పేగులు ఎప్పుడూ కదులుతూ ఉండవలసినవి. ఒకసారి ఆగితే గ్యాసు పట్టి, ఆకలి మరింత చచ్చి, ఒకటి రెండు రోజులలోనే ప్రాణం మీదికి వస్తుంది. అదే రోజు చిన్న జంతువులను చూసే పశువైద్యునికి చూపించాలి.

అసలు కారణం ఎక్కడ దాక్కుంటుంది

ఇంకా కొద్దో గొప్పో తింటూ, కదలడానికి మాత్రం ఇష్టపడని జంతువు విషయంలో నేను ముందుగా అనుమానించేది విటమిన్ సి లోపాన్ని, అంటే స్కర్వీని. మనిషిలాగే గినీ పిగ్ కూడా విటమిన్ సి ని తన ఒంట్లో తయారు చేసుకోలేదు. అందుకు అవసరమైన చివరి ఎంజైము దానికి లేదు. ఒంట్లో నిల్వ కూడా పెద్దగా ఉండదు కనుక ప్రతి రోజూ మేతతోనే అందాలి. మామూలు జంతువుకు రోజుకు ప్రతి కిలో బరువుకు 10 నుంచి 30 మిల్లీగ్రాములు కావాలి; ఎదిగే పిల్లలకు, చూలుతో ఉన్నవాటికి, జబ్బు చేసినవాటికి ఇంకా ఎక్కువ కావాలి. అందడం ఆగిపోతే రెండు మూడు వారాలలో లక్షణాలు బయట పడతాయి.

ఈ మాట చెప్పగానే వచ్చే జవాబు నాకు కంఠతా వచ్చు: ‘మేము పెట్టేది విటమిన్ సి కలిపిన పెల్లెట్లే (గుళికల మేతే), సంచి మీద రాసి ఉంది.’ రాసి ఉన్న మాట నిజమే. కానీ ఆ అంకె మేత తయారైన నాటిది. విటమిన్ సి గాలికి, వెలుతురుకు, వేడికి, తేమకు విరిగిపోతుంది. అందుకే మామూలు పెల్లెట్లను తయారైన 90 రోజులలోపు వాడేయాలన్నది పాత నియమం. స్థిరీకరించిన విటమిన్ కలిపితే ఇంకొంత కాలం నిలుస్తుంది, అయినా అది తరగని నిధి కాదు. దుకాణంలో నెలల తరబడి నిలిచిన సంచిని కొని, ఇంట్లో మరో నాలుగు నెలలు వాడితే గిన్నెలో పడేది పీచూ పిండీ మాత్రమే. రంగు మారదు, వాసన మారదు, జంతువు ఇష్టంగానే తింటుంది. అందుకే ఈ లోపం ఇంత సులువుగా కళ్ళు కప్పుతుంది.

నా దగ్గర కుంటిన పిల్లకు నాలుగు నెలల వయసు. బెణుకు అనుకుని వారం రోజులు బోనులో నుంచి మెట్లు తీసేసి, మెత్తటి పరుపు వేసి, కదలకుండా ఉంచాను. కాలు నయం కాలేదు, పైగా రెండో కాలు కూడా బిగుసుకుంది. మోకాలి కీలును వేలితో తాకితే వాచి వెచ్చగా ఉంది, కింది చిగురు అంచున ఎర్రటి గీత కనిపించింది. చిగురును చూశాక గాని నా దృష్టి కిటికీ దగ్గరున్న గాజు సీసా మీదికి పోలేదు. చవకగా వస్తుందని పెద్ద సంచి కొని, అందంగా ఉంటుందని ఎండ తగిలే చోట సీసాలో పోసి, తేదీ ఉన్న సంచిని పారేసినవాణ్ణి నేనే. సీసా అడుగున మిగిలిన పాత గుళికల మీదే ప్రతిసారీ కొత్తవి పోశాను కూడా. అప్పటి నుంచి ఎవరు కుంటు అని చెప్పినా నేను అడిగే మొదటి ప్రశ్న ఆ సంచి గురించే.

కుంటుకూ విటమిన్‌కూ సంబంధమేమిటంటే, ఒంట్లోని కణజాలాన్ని పట్టి ఉంచే కొల్లాజెన్ తయారీకి విటమిన్ సి కావాలి. అది లేకపోతే సన్నని రక్తనాళాలు పెళుసెక్కి కీళ్ళలో, కండరాలలో, చిగుళ్ళలో రక్తం స్రవిస్తుంది. ఎత్తుకుంటే అరిచేది అందుకే. పంటిని ఎముకకు బిగించే పట్టు సడలి పళ్ళు కదులుతాయి, నమిలే తీరు చెడుతుంది, నమలడం చెడితే ఎప్పుడూ పెరుగుతూ ఉండే దవడ పళ్ళు సమంగా అరగవు. కొందరు జంతువుకు ఆ పళ్ళను పలుమార్లు అరగదీయిస్తారు, మూలకారణాన్ని ముట్టుకోరు, కనుక నెలా రెండు నెలలలో సమస్య తిరిగి వస్తుంది. మానని పుండు, మాటిమాటికీ వచ్చే జలుబు, తగ్గని విరేచనం వెనుక కూడా ఇదే ఉండవచ్చు.

సరిచేసే పద్ధతి

లోపం ఉందని అనుమానం కలిగితే పరీక్షల కోసం ఆగకుండా వెంటనే ఇవ్వడం మొదలు పెట్టవచ్చు, ఎందుకంటే మిగిలిన విటమిన్ సి మూత్రంలో పోతుంది. వైద్యంగా పశువైద్యులు రోజుకు కిలోకు 50 నుంచి 100 మిల్లీగ్రాముల దాకా, ఒకటి రెండు వారాల పాటు ఇస్తారు. విటమిన్ సి ఒక్కటే ఉన్న బిళ్ళను పొడి చేసి, కొద్ది నీటిలో కలిపి, సూది లేని సిరంజితో పెదవి పక్క నుంచి కొంచెం కొంచెంగా పట్టించాలి. మనుషుల మల్టీవిటమిన్ చుక్కలు వాడవద్దు. వాటితో విటమిన్ ఎ, డి అతిగా చేరి హాని చేస్తాయి. నొప్పి తగ్గడం కొద్ది రోజులలో తెలుస్తుంది, ఎముకల కీళ్ళు పూర్తిగా కుదురుకోవడానికి ఇంకా సమయం పడుతుంది.

నీటి సీసాలో విటమిన్ కలపడం అన్నది అందరూ చేసే రెండో పొరపాటు. నీటిలో అది ఒక్క రోజులోనే సగానికి పైగా విరిగిపోతుంది, లోహం తగిలితే ఇంకా త్వరగా పోతుంది. పైగా రుచి మారిందని జంతువు నీళ్ళే తక్కువ తాగుతుంది, అసలు ఎంత అందిందో లెక్కా ఉండదు.

ఇకపై ఈ గొడవ రాకుండా ఉండాలంటే రోజూ తాజా కూరను నమ్ముకోవడమే మేలు. ఎర్ర క్యాప్సికంలో 100 గ్రాములకు 120 మిల్లీగ్రాములకు పైగా విటమిన్ సి ఉంటుంది, కనుక 20 గ్రాముల ముక్క ఒక ఆరోగ్యవంతమైన జంతువు రోజు అవసరాన్ని దాదాపు తీరుస్తుంది. ముక్క కోసి గంటల తరబడి వదిలేయకుండా అప్పటికప్పుడు పెట్టాలి. పెల్లెట్లను తయారీ తేదీ చూసి చిన్న సంచులుగా కొని, అదే సంచిలో మూతి బిగించి, చల్లని చీకటి చోట ఉంచాలి. కుందేళ్ళ మేత చూడడానికి అలాగే ఉన్నా దానిలో విటమిన్ సి కలపరు, ఎందుకంటే కుందేలుకు ఆ అవసరం లేదు. ఎండుగడ్డి మాత్రం ఎప్పుడూ అందుబాటులో ఉండవలసిందే, పళ్ళు అరగడానికీ పేగులు నడవడానికీ అదే ఆధారం. విటమిన్ సి కోసం మాత్రం దాని మీద ఆధారపడవద్దు.

అయినా తగ్గకపోతే

వారం రోజులు విటమిన్ సరిగా అందినా మార్పు లేకపోతే ఇతర కారణాలను వెతకాలి. అరికాలు ఎర్రబడి పుండు పడితే తడి పరుపో, గరుకు నేలో కారణం. మూత్రంలో రక్తం కనిపిస్తే, మూత్రం పోసేటప్పుడు అరిస్తే మూత్రాశయంలో రాయి ఉన్నదేమో ఎక్స్‌రే తీయించాలి. ముందు పళ్ళు బాగున్నాయి కదా అని దవడ పళ్ళను వదిలేయవద్దు; అవి నాలుక మీదికి వంగి పెరిగితే పైకి ఏమీ కనిపించదు, పరికరం పెట్టి చూడవలసిందే. ముక్కు కారడం, ఊపిరిలో చప్పుడు రావడం ఉంటే అది ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్ కావచ్చు, ఆలస్యం పనికిరాదు. విపరీతంగా గోక్కుంటూ మూర్ఛ వచ్చినట్టు కొట్టుకుంటే గజ్జి పురుగును అనుమానించాలి. అండాశయ తిత్తులు, ఎముక కంతులు వంటివి ఉంటాయి, కానీ వాటి గురించి మొదటి రోజే ఆలోచించి నిద్ర చెడగొట్టుకోవద్దు.

వైద్యుడు యాంటీబయాటిక్ రాసినప్పుడు అది ఏదో అడిగి తెలుసుకోండి. పెన్సిలిన్, ఆంపిసిలిన్, అమాక్సిసిలిన్, లింకోమైసిన్, క్లిండమైసిన్ నోటి ద్వారా ఇస్తే ఈ జంతువు పేగులలోని మంచి సూక్ష్మజీవులు చచ్చి, హానికరమైన క్లాస్ట్రీడియం అనే బాక్టీరియా పెరిగి, ప్రాణం పోవచ్చు. కుక్కకో పిల్లికో మిగిలిన మందును చేతికి అందింది కదా అని ఎంత కొద్దిగానైనా పట్టించవద్దు.